కళలలో ఎరువు సొమ్ము

క్రొత్త చలనచిత్రమొకటి విడుదలయిన వారము తిరుగకముందే, దాని కథ ఫలానా కొరియా చిత్రములోనిదనియు, దాని పాట ఫలానా అరబ్బీ బాణీకి తెలుగు మాటలు కూర్చినదనియు, దాని పోస్టరు సయితము ఫలానా హాలీవుడ్ పోస్టరునకు నకలనియు ఒక పక్షమువారును, లోకములో క్రొత్త కథ యెక్కడున్నది, వ్యాసుడు చెప్పనిదేది, అంతయు స్ఫూర్తియే గదా యని మరియొక పక్షమువారును వాదమునకు దిగుట మనకు నిత్యానుభవము. ఈ వాదము ఎన్నడును తేలకపోవుటకు కారణము, నాకు తోచినంతవరకు, ఉభయపక్షములవారును మూడు వేరువేరు విషయములను ఒకే మూటగా కట్టి తూచుటయే. ఒక రచన ఏ జాతికి చెందినదనునది మొదటిది. దానిని ప్రక్రియ యందము. రచించినవాని హస్తముద్ర ఎట్టిదనునది రెండవది, అది శైలి. అతడు ఒకానొక పూర్వరచననుండి ఏ వస్తువునైన ఎత్తి తెచ్చినాడా, తెచ్చి దానినేమి చేసినాడనునది మూడవది. మొదటిదానికి యజమాని లేడు. రెండవదానికి యజమాని యున్నను తలుపు బిగించుకొనజాలడు. తప్పొప్పులు విచారింపవలసినది మూడవదానియందే. ఆ విచారణకు కావలసిన కొలమానములను మన ఆలంకారికులు వేయి యేండ్లకు పూర్వమే, నేటి న్యాయస్థానములకంటెను సూక్ష్మముగా, సిద్ధపరచి యుంచినారు.

ప్రక్రియ విషయమున తెలుగువారికి ఒకరు పాఠము చెప్పవలసిన పనిలేదు. మన సినిమా పుట్టిన తొలి దశాబ్దములనుండియు గోడమీది ప్రకటన చూచిన సామాన్య ప్రేక్షకుడు, ఇది పౌరాణికము, ఇది జానపదము, ఇది చారిత్రకము, ఇది సాంఘికము అని తనలో తాను విభజించుకొని, టిక్కెట్టు కొనుటకు ముందే తనకేమి లభింపనున్నదో నిశ్చయించుకొనెడివాడు. జానపదమనగా రాజకుమార్తె యుండవలెను, మాంత్రికుడుండవలెను, గుహలో విగ్రహముండవలెను, సామాన్యుని కొడుకు సాహసముచేత ఆ రాజకుమార్తెను పెండ్లాడవలెను. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' యందు ఈ సామగ్రి అంతయు నున్నదని ఎవరును నొచ్చుకొనలేదు, లేకున్నచో నొచ్చుకొనియుందురు. ప్రక్రియ యనునది కర్తకును రసికునకును నడుమ వ్రాత లేకుండ కుదిరిన ఒడంబడిక. ఆ ఒడంబడికను మూలగ్రంథము నిర్ణయింపదు. 1957 నాటి 'మాయాబజార్' కథయైన శశిరేఖాభిమన్యుల వివాహము వ్యాసభారతమున లేదు. జనుల నోళ్లలోను, నాటకపు రంగములమీదను పెరిగి, 1936లోనే ఒకసారి తెరకెక్కిన కథ అది. దానిలోని ద్వారక యన్ననో వియ్యాలవారి పట్టింపులతో, విందు వంటకములతో నిండిన తెలుగువారి పెండ్లియిల్లు. అయినను అది పౌరాణికము కాదని అనినవాడు లేడు. కిరీటధారులైన పాత్రలు, మాయలు, సర్వమెరిగియు నెరుగనట్లు నవ్వు కృష్ణుడు, ధర్మము గెలువక తప్పదను ధీమా, వీనిచేత అది పౌరాణికమైనది.

శతకమును చూడుడు. నూరు, లేదా నూటయెనిమిది పద్యములు, ప్రతి పద్యము దేనికది స్వతంత్రము, పద్యాంతమున మకుటము. ఈ చట్రములో ధూర్జటి రాజాశ్రయమును రోసి శ్రీకాళహస్తీశ్వరునకు మొరపెట్టుకొన్నాడు, కంచర్ల గోపన్న భద్రాద్రి రామునితో పోట్లాడినాడు, సుమతీశతకకర్త ఇంటి పెద్దవలె బుద్ధులు చెప్పినాడు. ఒకరి చట్రమును ఒకరు హరించినారని వీరిమీద ఎవరు అభియోగము తెచ్చెదరు? ప్రక్రియ పుట్టు విధమే అట్టిది. ఎవడో యొకడు ఒక రచన చేయును; అది జనులకు నచ్చును; మరి నలుగురు ఆ దారిని నడచెదరు; పదియవ రచన వచ్చునప్పటికి మొదటిది ఒక మార్గమునకు తొలి అడుగుగా కన్పట్టును. అల్లసాని పెద్దన మనుచరిత్రము చెప్పినప్పుడు అది ఒక కావ్యము. తరువాతివారు పురవర్ణనము, ఋతువర్ణనము, నాయికావిరహము, చంద్రోపాలంభము మొదలైనవానిని నియమములుగా గ్రహించి పాటించినందున అది ప్రబంధమను జాతికి మూలపురుషుడైనది. అమెరికాలో పశువులకాపరి వీరుల చిత్రములు మూగసినిమా నాటినుండి యున్నను, 1939లో జాన్ ఫోర్డ్ తీసిన 'స్టేజ్‌కోచ్' పిమ్మట ఆ జాతికి ఒక గౌరవమును, స్థిరరూపమును కలిగినవి: చట్టము ఇంకను చేరని ఊరు, ఎచ్చటనుండియో వచ్చిన ఒంటరి రౌతు, నడివీధిలో తుపాకుల ద్వంద్వము. అక్షరములను గాని పదములను గాని బృహస్పతియైనను క్రొత్తగా కల్పింపలేడనియు, అందరును వాడినవానినే తాను వాడినంతమాత్రమున కవి నవ్యతకు లోపము రాదనియు ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమున వ్రాసినాడు. ఒంటరి రౌతును, మాంత్రికుని గుహయు, పద్యాంతమున మకుటమును ఆయన చెప్పిన అక్షరములవంటివే. గుఱ్ఱమును, ఎడారిని చూచినంతనే ఇది కాపీ యని కేకలు వేయువారు వర్ణమాలను ఒకని సొత్తుగా భ్రమించుచున్నారు.

ఇక శైలి. దండి కావ్యమార్గములను రెండుగా జెప్పినాడు. వామనుడు రీతియే కావ్యమునకు ఆత్మయని ప్రతిపాదించి, వైదర్భి, గౌడి, పాంచాలి యని మూటికి దేశముల పేళ్లు పెట్టినాడు. పేరు దేశముదైనను గుణమును బట్టియే రీతి యేర్పడునని వామనుడే వివరించినను, ఆ దేశనామములు జనుల మనస్సులలో నాటుకొన్నవి. వానిని పట్టి కుదిపినవాడు కుంతకుడు. వక్రోక్తిజీవితమున ఆయన లేవదీసిన ఆక్షేపణ తెలుగువారు తెలిసికొని ఆనందింపదగినది: మేనమామ కూతురును వివాహమాడుట ఒక దేశమున ఆచారమైనట్లు, ఒక విధముగా కావ్యము చెప్పుట ఒక దేశపు ఆచారమని చెప్పుటకు వీలులేదు, ఏలయన ఆచారము పెద్దలను చూచి పాటించినంత వచ్చును, కావ్యమునకు శక్తి, వ్యుత్పత్తి, అభ్యాసము కావలెను. మేనరికము మన యింటి మాట గనుక ఈ యుక్తిలోని బలము మనకు చప్పున తట్టును. మార్గభేదమునకు కవి స్వభావమే కారణమని కుంతకుడు తేల్చి, సుకుమారము, విచిత్రము, మధ్యమము అని స్వభావమును బట్టియే మూడు మార్గములను నిరూపించినాడు. ఒకే భారతమును, ఒకే చంపూరూపమున, ఒకే భాషలో చెప్పిన నన్నయ తిక్కనలను ప్రక్కప్రక్కన చదివినవారికి ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు: నన్నయ కథను నెమ్మదిగా, అక్షరముల పొందికతో, సభలో చెప్పుచున్నట్లు నడిపించును, తిక్కన పాత్రల నోటిలో తెలుగు పలుకుబడి పెట్టి, కంటికొలికిలోని కదలికతో కోపమును చూపించి, నాటకము కట్టును.

శైలిని అనుకరింపవచ్చును. బాపు గీసిన పెద్ద కన్నుల తెలుగు ఆడుపడుచు పత్రికలలో కనబడిన తరువాత ఎన్ని కుంచెలు ఆ వంపునకు వంగినవో, ఆయన చేతివ్రాతయందలి అక్షరములు శుభలేఖలమీదను, దుకాణముల బోర్డులమీదను ఎంతగా వ్యాపించినవో మన మెరుగుదుము. చట్టము దీనినాపలేదు, ఆపగూడదు. కాని బాపు గీత ఎచ్చట ఆగవలెనో తెలిసిన గీత; మూడు రేఖలలో ముఖము పూర్తియైనప్పుడు నాలుగవది గీయని సంయమము దానిది. అనుకరించినవారికి కన్నులు దొరకినవి, ఆ ఆగుట దొరకలేదు.

కష్టమైన ప్రశ్న మూడవది. 'ఎరువు సొమ్ము బరువు చేటు' అని మనవారి సామెత. ఇరుగింటి నగ పెట్టుకొని పేరంటమునకు పోయిన యింతికి మెడ బరువేగాని సొంతమన్న సుఖము లేదు. అయితే కవులలో ఎరువు తేనివాడున్నాడా? లేడనియే పూర్వుల తీర్పు. ఏడవ శతాబ్దమున హర్షుని ఆస్థానమున నుండిన బాణుడు, అన్యుల మాటలలో అక్షరములు మార్చి, రచన గుర్తులను కప్పిపుచ్చు కవిని సజ్జనులు దొంగగా గుర్తింతురని ఈసడించినాడు. బాణుడు దొంగను చూపెనే గాని దొరను దొంగను విడదీయు సాధనమును చూపలేదు. ఆ పని ఆనందవర్ధనుడు చేసినాడు. ధ్వన్యాలోకపు చివరి భాగమున ఆయన దీనిని సంవాదమని వ్యవహరించి, ఇద్దరు కవుల కృతులలో పోలిక మూడు విధములుగా నుండునన్నాడు. అద్దములోని ప్రతిబింబము వంటిది మొదటిది. దానికి తనదైన ఆత్మ లేదు, మూలము తొలగినచో అదియు తొలగును. చిత్తరువు వంటిది రెండవది. దానికి రంగుల రూపమున ఒక శరీరమున్నది గాని ప్రాణము స్వల్పము. ఇద్దరు మనుష్యులు ఒకరినొకరు పోలియున్నట్టిది, తుల్యదేహి యనునది, మూడవది. పోలిక యెంతయున్నను ఎవరి ప్రాణము వారిది. మొదటి రెంటిని విడువుమనియు, మూడవదానిని మాత్రము విడువవలదనియు ఆయన శాసించినాడు. పాత విషయమే యైనను రసస్పర్శచేత వసంతమాసపు చెట్లవలె క్రొత్తగా తోచునన్న ఆయన మాటలో ఎంత ఔదార్యమున్నదో, ప్రతిబింబమును నిరాకరించుటలో అంత కాఠిన్యమున్నది.

తరువాత కనోజి ప్రతీహారుల కొలువున రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ విషయమునకే కొన్ని అధ్యాయములను కేటాయించి, ఆనందవర్ధనుని మూటికి నాలుగవదానిని చేర్చినాడు: పరకాయప్రవేశము వంటిది. మూలవస్తువు ఒకటే, కాని దానిలో ప్రవేశించిన జీవుడు పూర్తిగా వేరు. కవులను సయితము ఆయన క్రొత్తగా పుట్టించువాడు, మార్చువాడు, కప్పిపుచ్చువాడు, పోగుచేయువాడు అని విడదీసినాడు. వర్తకులలోను కవులలోను దొంగ కానివాడు లేడని ఆయన నిర్మొగమాటముగా ఒప్పుకొన్నాడు. ఆ గ్రంథమునందే ఆయన భార్య అవంతిసుందరి మతము కలదు. విదుషియై, భర్త గ్రంథమున తన అభిప్రాయమును తన పేరుతోనే నిలుపుకొన్న ఆమె, ఏయే కారణములచేత కవి పరుల మాటను, భావమును గ్రహింపవచ్చునో చెప్పినది. అతడు అప్రసిద్ధుడు, నేను ప్రసిద్ధుడను. అతని వాక్కు తిప్పతీగ వలె చేదు, నాది ద్రాక్ష. అతని భాషను ఆదరించువారు లేరు. ఆ గ్రంథమెరిగినవారు గతించినారు. దాని కర్త దేశాంతరస్థుడు. ఈ కారణములను చదువునప్పుడు నాకు గుండె కలుక్కుమనును. నేటికిని అన్యుని సొమ్ము తీసికొన్నవారు లోలోన చెప్పుకొను సమాధానములు ఇవియే గదా! ద్రాక్షవాక్కు కలవాడు గ్రహించుట ఒప్పవచ్చును, అది కృతిని మేలుపరచును. కర్త దూరదేశమున నున్నాడను కారణము మాత్రము కృతికి ఏ మేలును చేయదు, తీసికొన్నవానికి భయమును తగ్గించును, అంతే. అవంతిసుందరి వీనినన్నిటిని ఒకే వరుసలో నిలుపుట నేను అంగీకరింపజాలను.

ఈ కొలమానములు కాశ్మీరమునకును కనోజికిని పరిమితములు కావని తెలియుటకు మనుచరిత్రమే చాలును. ప్రవరుని కథ మార్కండేయపురాణములోనిది. తిక్కన శిష్యుడయిన మారన దానిని పెద్దనకు రెండు శతాబ్దములు ముందుగనే తెనిగించినాడు. అరుణాస్పదపురము, అతిథియై వచ్చిన సిద్ధుడు, పాదములకు పూయు లేపము, ఆ లేపము హిమాలయమున మంచునకు కరగిపోయి బ్రాహ్మణుడు ఇల్లు చేరలేక చిక్కుకొనుట, వరూధిని మోహము, అతడు అగ్నిదేవుని ప్రార్థించి బయటపడుట, గంధర్వుడొకడు ప్రవరుని రూపు దాల్చి ఆమెను చేరుట, ఇవన్నియు పెద్దనకు సిద్ధముగా దొరకినవి. వస్తువును బట్టి తీర్పు చెప్పవలసినచో ఆంధ్రకవితాపితామహునకు మిగులునది అత్యల్పము. కాని ప్రవరుడు సిద్ధుని యెదుట కూర్చున్న ఘట్టమును దగ్గరగా చూడుడు. నిత్యకర్మలు తప్పని గృహస్థు, ఇల్లు కదలనివాడు, ఏ యాత్రికుడు వచ్చినను ఏయే దేశములు చూచితిరి, ఏయే తీర్థములు మునిగితిరి అని అడిగి అడిగి ఉబలాటపడువాడు. ఎదుటనున్న సిద్ధుడు అంత పిన్నవయస్సున అన్ని దేశములెట్లు చూచెనని మర్యాదతోనే అతడు సంశయమును వెలిబుచ్చును. ఆ కుతూహలమే, ఆ చిన్న ఉబలాటమే, లేపమును తెచ్చిపెట్టినది, మంచుకొండను తెచ్చిపెట్టినది, తుదకు ఒక మనువు పుట్టుకకు దారితీసినది. పురాణములో కథను నడుపుటకు చాలినంతగా నున్న బ్రాహ్మణుడు, ఇచ్చట ఇంటిపట్టున నుండి లోకమునంతటిని కోరుకొను మనుష్యుడైనాడు. వరూధిని వైపునను అంతే. ఆమె వేదన మన కరుణకు పాత్రమగునంతగా పెరిగి, నైష్ఠికుడే గెలిచినను చదువరి హృదయము ఆమెవెంట పోవును. ఆరు ఆశ్వాసముల ఆ కావ్యము మారనను పోలియున్న మరియొక ప్రాణి. ఆనందవర్ధనుడు విడువవద్దన్న మూడవ జాతి.

దీనికి ప్రతిపక్షమును మన సాహిత్యమే చూపినది. రామరాజభూషణుడు భారతములోని ఉపరిచరవసువు చిన్నకథను తీసికొని, శ్లేషతోను సంగీతముతోను వసుచరిత్రముగా పెంచగా, ఆ శ్లేషలను, ఆ వర్ణనలను, ఆ పద్యపు నడకను పట్టుకొని తరువాతి రెండు శతాబ్దములలో పుట్టిన ప్రబంధములను విమర్శకులు 'పిల్ల వసుచరిత్రలు' అని పిలిచినారు. ఆ ప్రబంధకర్తలు కథను తస్కరింపలేదు, కథలు వేరు. ఒకానొకని స్వభావమునుండి పుట్టిన శైలిని ప్రక్రియకు నియమమని పొరబడి, అది అద్దమున పడిన నీడ యని తెలియక పట్టుకొన్నారు.

ఇట్టి వ్యవహారము న్యాయవాదులదాక పోయిన సందర్భములలో మిక్కిలి ప్రసిద్ధమైనది జపానునకును ఇటలీకిని సంబంధించినది. 1961లో అకిర కురోసావా 'యోజింబో' తీసినాడు. యజమాని లేని సమురాయి ఒకడు నాలుగు దారుల కూడలిలో కఱ్ఱముక్కను పైకెగురవేసి, అది చూపిన దిక్కుగా పోయి, రెండు ముఠాలు చీల్చుకొన్న ఊరు చేరును. ఊరి మొదట ఒక కుక్క తెగిన మనుష్యహస్తమును నోట గరచుకొని ఎదురువచ్చును. అతడు ఇరుపక్షములకును కత్తి అమ్మజూపి ఇరువురిని నశింపజేయును. 1964లో సెర్జియో లియోనె ఈ కథనే మెక్సికో సరిహద్దు గ్రామమునకు మార్చి, క్లింట్ ఈస్ట్‌వుడ్ నాయకుడుగా, స్పెయిను దేశపు ఎండుభూములలో 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' తీసినాడు. మూలకర్తకు చెప్పలేదు, పేరు వేయలేదు. కురోసావా, చిత్రము చక్కగానున్నది కాని అది నాది, అను భావముతో ఉత్తరము వ్రాసినట్లు ప్రసిద్ధి. 'యోజింబో' నిర్మాతలైన తోహో కంపెనీ దావాకు పూనుకొనగా, లోకమంతటి వసూళ్లలో నూటికి 15 వంతులు ఇచ్చుటకు రాజీ కుదిరినది. అమెరికాలో ఆ చిత్రము 1967 వరకు విడుదల కాలేదు.

ఈ రెండు చిత్రములను వెంటవెంటనే చూచినవారికి ఆనందవర్ధనుని మూడు జాతులును ఒకేచోట కనబడును. ఊరిలో శవపేటికలు చేయువాడొకడున్నాడు. సమురాయి ఘర్షణ ముగించి తిరిగివచ్చుచు రెండు పేటికలు సిద్ధపరచుమని, వెంటనే మూడు కావలసివచ్చునేమో యని దిద్దుకొనును. లియోనె నాయకుడు పోవునప్పుడు మూడనును, వచ్చునప్పుడు నాలుగనును. ఇది ప్రతిబింబమే, ఒక పేటిక పెరిగినంత మాత్రాన అద్దము మారదు. కాని కురోసావా దూరమునుండి, వీధి మొత్తము, గాలి, దుమ్ము, ఇరువైపుల జనము ఒక్క చట్రములో పట్టునట్లు చూపిన చోట, లియోనె కంటి ముడుతలను, చెమటను, తుపాకి మీది వ్రేళ్లను తెరనిండ నింపి కాలమును సాగదీసినాడు. ఎన్నియో మొరికోనె ఈలతోను, కొరడా చప్పుడుతోను, గిటారుతోను ఆ నిశ్శబ్దమునకు నాడి కొట్టించినాడు. కడపటి ద్వంద్వమున ఇనుపపలకను రొమ్మునకు కట్టుకొని, తూటాలు తగిలి పడుచు లేచుచు నడచివచ్చు నాయకుడు కురోసావా చిత్రమున లేడు. కథ ఎరువు, శైలి స్వంతము. తోహోవారి వాదము న్యాయమైనదే. లియోనె ప్రతిభయు నిజమైనదే. ఒకటి నిజమైనంతమాత్రమున మరియొకటి కొట్టుపడదు.

కురోసావా మాత్రము ఎరువు తేనివాడా? ఆయన జాన్ ఫోర్డును గురువుగా భావించినవాడు. యోజింబో వీధియే వెస్టర్న్ చిత్రముల వీధి. 1957లో ఆయన తీసిన 'థ్రోన్ ఆఫ్ బ్లడ్' షేక్‌స్పియరు మాక్‌బెత్ కథ; కాని అందులో ఆంగ్లకవి పద్యము మాటయే లేదు, దాని స్థానమున నోహ్ నాటకపు కదలని ముఖమును, నేలకు రాచుకొను నడకయు, పొగమంచును ఉన్నవి. రాజశేఖరుడు చూచియున్నచో పరకాయప్రవేశమునకు ఉదాహరణముగా వ్రాసికొనియుండెడివాడు. ఆయన 'సెవెన్ సమురాయ్'ని అమెరికావారు 1960లో 'ది మాగ్నిఫిసెంట్ సెవెన్'గా మార్చినప్పుడు, జపాను చిత్రము ఆధారమని టైటిళ్లలోనే ప్రకటించినారు. ఆ పరంపర మన యింటికిని వచ్చినది. 1971లో ఆరుద్ర రచనతో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వమున, కృష్ణ నాయకుడుగా వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు' లియోనె చిత్రములను చూచిన కన్నులతో కట్టినది. అమెరికా పడమటి సీమకు బదులు రాజస్థాను ఎడారి, నిధి కొరకు పరుగులు, గుఱ్ఱముమీద తెలుగు మాట్లాడు కౌబాయి. మనకెన్నడును లేని వృత్తివాడు మన మాసపత్రికల ముఖచిత్రమంత పరిచితుడైనాడు. అందులో చిత్తరువు పాలు ఎక్కువ యని నా అభిప్రాయము. అయినను తెలుగు తెరకు ఒక క్రొత్త ప్రక్రియను పరిచయము చేసిన సాహసము దానిది, అది చిన్న విషయము కాదు.

ఎరువు తెచ్చుకొన్నది పూర్తిగా స్వంతమగుట ఎట్లుండునో తెలియగోరువారు సంగీతము దగ్గరకు పోవలెను. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) చెన్నపట్టణము చెంత మణలిలో నున్న కాలమున కుంపిణీవారి బ్యాండు వాయించు పాశ్చాత్య బాణీలను విని, శంకరాభరణ స్వరములలో నిమిడిన ఆ వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చినారు. నొట్టుస్వరములని పేరుగల ఆ సుమారు 40 రచనలలో ఆంగ్లరాజగీతపు వరుస అంబికాస్తుతిగా మారినది. వరుసను మార్చలేదు, గమకములు దట్టించలేదు. సంకోచము లేక ఉన్నదున్నట్లు పాడించినారు. వానిని పిల్లలకు నేటికిని నేర్పుచున్నారు. అయినను అవి దీక్షితుల కృతులలో ఒక ముచ్చటైన ప్రక్కగది మాత్రమే యని చెప్పక తప్పదు. అసలు విప్లవము ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఐరోపా వాద్యకుని వద్ద వయొలిన్ నేర్చుటతో వచ్చినది. గడ్డము క్రింద పెట్టుకొని నిలిచి వాయించు వాద్యమును మనవారు నేలమీద కూర్చుండి, దాని కొనను కుడిపాదపు మడమచెంత ఆనించి, రెండవ కొనను రొమ్మునకు చేర్చినారు. బరువు మోయు పని తప్పినందున ఎడమచేయి తంత్రిమీద తడవుకొనక పైకి క్రిందికి జారుటకు స్వేచ్ఛ కలిగి, గమకము సాధ్యమైనది. కూర్చుండు భంగిమ మారుటతో శైలి మారినది. తంత్రుల శ్రుతియు మన గాత్రమునకు అనుగుణముగా మార్చుకొన్నారు. విజయనగరపు సంగీతకళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు కమాను లాగినప్పుడు ఇది పరదేశ వాద్యమని తలచిన శ్రోత యొకడైన ఉండునా?

మన చట్టము ఈ విషయమున ఏమనుచున్నది? 1953లో ఆర్.జి. ఆనంద్ అను నాటకకర్త 'హమ్ హిందుస్తానీ' వ్రాసినాడు. పంజాబీ కుటుంబమును మద్రాసీ కుటుంబమును ఇరుగుపొరుగున నుండగా పిల్లలు ప్రేమించుకొనుట, ప్రాంతాభిమానము అడ్డుపడుట దాని విషయము. 1956లో మోహన్ సెహగల్ దర్శకత్వమున 'న్యూఢిల్లీ' యను హిందీ చిత్రము అదే విషయముతో వచ్చినది. వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానము చేరి 1978లో తీర్పు వెలువడినది. ఆలోచనకు, ఇతివృత్తమునకు, పురాణచారిత్రక వస్తువునకు హక్కు లేదు, దానిని వ్యక్తపరచిన రూపమునకే హక్కు; రెంటిని చూచిన వానికి రెండవది మొదటిదానికి నకలే యను భావము నిస్సందేహముగా కలిగినచో అది అపరాధము అని న్యాయమూర్తులు నిర్ణయించి, చిత్రమున ఇల్లు అద్దెకు దొరకని బాధ, వరకట్నము వంటి విషయములు వేరుగా కలవు గనుక నాటకకర్తకు ప్రతికూలముగా తీర్పు చెప్పినారు. చట్టము ప్రతిబింబమును పట్టుకొనగలదు. చిత్తరువునకును తుల్యదేహికిని భేదము పట్టుకొనుట దాని పని కాదు. ఆ పని చదువరిది, ప్రేక్షకునిది, విమర్శకునిది.

అందుకు వారికి కావలసినది మూలమేదో తెలియుట. ఈ తెలియజేయు పనిని మన పూర్వకవులు కావ్యాంగముగానే నిర్వహించినారు. అవతారికలో ఇష్టదేవతాస్తుతి కాగానే పూర్వకవిస్తుతి. వాల్మీకివ్యాసులు, కాళిదాసాదులు, కవిత్రయము. తనకు దారి చూపినవారిని పేరుపెట్టి నమస్కరింపక కృతి ఆరంభించుటకు తెలుగుకవికి మనసొప్పలేదు. మన చిత్రముల ఆరంభమున నేడు ఋణదాతల పేళ్లు, స్థలములిచ్చినవారి పేళ్లు, వాహనములు పంపినవారి పేళ్లు కృతజ్ఞతతో వరుసగా వచ్చుచున్నవి. ఏ చిత్రమునుండి కథ పుట్టినదో, ఏ దేశపు బాణీ పాటకు ప్రాతిపదికయైనదో ఆ వరుసలోనే ఒక పంక్తిగా వేయుటకు దమ్మిడీ ఖర్చు లేదు. వేసిననాడు అభియోగమునకు అవకాశము తగ్గును. అంతకంటె ముఖ్యముగా, చూచినవాడు మూలమును వెదకి తెచ్చుకొని, మారనను పెద్దనను చదివినట్లు రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి, మనవాడు ఎచ్చట నీడను పట్టుకొన్నాడో, ఎచ్చట ప్రాణము పోసినాడో ఘట్టము ఘట్టముగా పరిశీలించి చెప్పగలుగును.